నవ్వు గీత దాటింది, తలుపు మూతపడింది

ఒక హాస్య ప్రదర్శన బెడిసికొడితే ఆ కళారూపాన్నే ఆవరణ నుంచి వెలివేసింది భిలాయ్ ఐఐటీ. విద్యాలయాల్లో ఎవరు మాట్లాడాలో తేల్చే అధికారం అధ్యాపకుల చేతుల్లోంచి అనుమతుల ఫైలులోకి ఎలా జారిపోతోందో చెప్పే కథల్లో ఇది బహుశా అన్నింటికన్నా ఇబ్బందికరమైనది.

కాలేజీ ఉత్సవానికి వచ్చిన హాస్యగాడు నవ్వించలేకపోతే మహా అయితే ఈలలు, కేకలు పడతాయి. 2024 నవంబర్ 15న భిలాయ్ ఐఐటీలో జరిగిన దానికి పోలీసులు రావలసి వచ్చింది. సంస్థ వార్షిక ఉత్సవం 'మేరాజ్'లో స్టాండప్ కమెడియన్ యశ్ రాఠీ ప్రదర్శన ఇచ్చారు. ఎదుట కూర్చున్నవారు విద్యార్థులు మాత్రమే కాదు. అధ్యాపకులు, సిబ్బంది, కుటుంబాల వారు కూడా ఉన్నారు. వేదిక మీద నుంచి బూతులు దొర్లాయి. వీడియో ముక్కలు ఫోన్లలో చక్కర్లు కొట్టాయి. కొద్ది రోజుల్లోనే కమెడియన్‌పై పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. బహిరంగ స్థలంలో అశ్లీల చేష్టలకు, మాటలకు వర్తించే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్‌ను ప్రయోగించారు.

అంతటితో ఆగి ఉంటే అది ఒక మనిషి నోటి దురుసు కథగా మిగిలేది. ఐఐటీ డైరెక్టర్ రాజీవ్ ప్రకాశ్ మరో అడుగు ముందుకు వేశారు. ఇకమీదట సంస్థలో స్టాండప్ కామెడీ కార్యక్రమాలే ఉండవని ప్రకటించారు. తప్పు చేసినట్టు ఆరోపణ వచ్చింది ఒక ప్రదర్శనపైన. శిక్ష పడింది ఒక కళారూపానికి, దాన్ని రేపు చూడాలనుకునే విద్యార్థులకు, రేపు ఏర్పాటు చేయాలనుకునే అధ్యాపకులకు.

ఆ నిర్ణయాన్ని తప్పుపట్టి రోడ్డెక్కిన వారు పెద్దగా లేరు. కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లలతో వచ్చిన వాళ్ల ముందు బూతులు మాట్లాడే హక్కు కోసం జెండా పట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? కానీ క్యాంపస్‌లో మాట స్వేచ్ఛకు అసలు పరీక్ష ఇలాంటి చోటే ఎదురవుతుంది. పెద్ద రచయిత ప్రసంగాన్ని ఆపితే సంపాదకీయాలు వస్తాయి. చవకబారు జోకుల వంకతో తలుపు వేస్తే ఎవరూ అడగరు. ఒకసారి వేసిన తలుపు తర్వాత ఎవరి ముఖం మీద మూసుకుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఉక్కు ఊరి మాట

భిలాయ్‌కి మాట విలువ తెలుసు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన ఈ ఉక్కు నగరానికి దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి సెక్టార్లలో మూడో తరానికి చేరాయి. ఇళ్లు కంపెనీవి, మైదానాలు కంపెనీవి, సభ జరుపుకునే హాళ్లు కూడా చాలావరకు కంపెనీవే. ఏ కార్యక్రమానికైనా ముందు ఒక దరఖాస్తు, దాని మీద ఒక సంతకం ఉండాలన్న అలవాటు ఈ ఊరికి పుట్టుకతో వచ్చింది.

ఆ అలవాటుకు బయట నిలబడి మాట్లాడిన వాళ్లు మూల్యం చెల్లించారు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబర్ 28న ఈ ఊళ్లోనే నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్ హౌస్ రైల్వే స్టేషన్ దగ్గర ఆందోళన చేస్తున్న కార్మికులపై పోలీసు కాల్పుల్లో 16 మంది చనిపోయారు. భిలాయ్‌లో ఉంటూ డాక్యుమెంటరీలు తీసే అజయ్ టీజీని 2008 మేలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. వీటి పక్కన ఒక కమెడియన్ బూతుల గొడవ చిన్నదిగా కనిపించవచ్చు. అయితే అనుమతి లేనిదే మాట లేదన్న సూత్రం పెద్ద విషయాల్లోనూ చిన్న విషయాల్లోనూ ఒకటే.

ఐఐటీ ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. 2016లో రాయ్‌పూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో మొదలైంది. అప్పట్లో దానికి మార్గదర్శక సంస్థ హైదరాబాద్ ఐఐటీయే. దుర్గ్ జిల్లా కుటేలాభాటాలోని సొంత ఆవరణను 2024 ఫిబ్రవరి 20న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. అంటే వివాదం చెలరేగే నాటికి కొత్త ఆవరణకు ఏడాది కూడా నిండలేదు. కొత్త సంస్థకు పేరు మీద బెంగ ఎక్కువ. మొదటి గొడవకే పెద్ద తాళం వేయడంలో ఆ బెంగ కనిపిస్తుంది.

బూతు వేరు, అశ్లీలం వేరు

చట్టం సంగతి చూద్దాం. 296వ సెక్షన్ పాత ఐపీసీలోని 294కు కొత్త రూపం. నేరం రుజువైతే మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే అసభ్యమైన మాటంతా చట్టం దృష్టిలో అశ్లీలం కాదు. ఈ విషయాన్ని సుప్రీంకోర్టు భిలాయ్ ఉదంతానికి ఎనిమిది నెలల ముందే, 2024 మార్చి 19న స్పష్టం చేసింది.

ఆ కేసు 'కాలేజ్ రొమాన్స్' అనే వెబ్ సిరీస్‌ది. అందులోని భాష ఎంత ఘోరంగా ఉందంటే, తన చాంబర్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాల్సి వచ్చిందని ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి 2023లో తీర్పులోనే రాశారు. నిర్మాతలపై ఎఫ్‌ఐఆర్ పెట్టమన్న ఆదేశాన్ని సమర్థించారు. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎ.ఎస్. బోపన్న, జస్టిస్ పి.ఎస్. నరసింహల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. తెలుగువారైన జస్టిస్ నరసింహ రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: బూతుమాట వినేవాడికి రోత పుట్టించవచ్చు, వెగటు కలిగించవచ్చు. అంతమాత్రాన అది అశ్లీలం కాదు. లైంగిక వాంఛలను రెచ్చగొట్టే గుణం ఉంటేనే అశ్లీలం అవుతుంది. కోపంలో, విసుగులో, ఆశ్చర్యంలో జనం నోట వచ్చే తిట్టును నిఘంటువు అర్థంతో తూకం వేయకూడదు.

ఆ తీర్పు ఎలక్ట్రానిక్ ప్రసారాల చట్టానికి, అశ్లీల రచనల సెక్షన్‌కు సంబంధించింది. ఇంట్లో తెర మీద చూసేదానికీ, సభలో అందరి మధ్య కూర్చుని వినేదానికీ తేడా ఉంది. భిలాయ్ కేసు నిలుస్తుందా లేదా అన్నది న్యాయస్థానం చెప్పాల్సిన మాట. కానీ ఒక విద్యాసంస్థ తన నిర్ణయాన్ని ఎఫ్‌ఐఆర్‌కు జోడించుకోనవసరం లేదు. పోలీసు తేల్చేది నేరమా కాదా అని. విద్యాలయం తేల్చాల్సింది ఇది మన విద్యార్థులు వినదగ్గదా, విన్నాక వాదించదగ్గదా అని. రెండూ కలిపేస్తే ప్రొఫెసర్ల పని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి అప్పజెప్పినట్టే.

హాస్యం హద్దులు దాటడం ఈ నేలకు కొత్త కూడా కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా ఆడే 'నాచా' ప్రహసనాల్లో పూజారి నుంచి భూస్వామి దాకా అందరికీ చురకలు పడతాయి, మోటు సరసానికీ కొదవ ఉండదు. హబీబ్ తన్వీర్ తన నాటకరంగాన్ని ఆ నాచా కళాకారులతోనే కట్టారు. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన 'పొంగా పండిత్' ప్రదర్శనలపై 2003లో దాడులు జరిగాయి. ఆయన 'చరణ్‌దాస్ చోర్' పుస్తకాన్ని 2009లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే పాఠశాలల నుంచి తప్పించింది. ఇక తెలుగువారికి తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్కల సంభాషణల గురించి వేరే చెప్పాలా? రామాయణ కథ నడుమ వాళ్లు పలికే మాటలు ఇవాళ ఏ ఐఐటీ వేదిక మీదా సాగవు. ఊళ్లో పిల్లాజెల్లా అంతా కూర్చుని చూసిన ఆట అది.

సంతకం పెట్టినవాడే దోషి

క్యాంపస్‌లో ఒక కార్యక్రమం ఎలా జరుగుతుందో చూస్తే వివాదంలో ఎవరు నలుగుతారో అర్థమవుతుంది. విద్యార్థుల క్లబ్బు పేరు ప్రతిపాదిస్తుంది. సలహాదారుగా ఉన్న అధ్యాపకుడు సరేనంటాడు. విద్యార్థి వ్యవహారాల డీన్ ఆమోదిస్తాడు. హాలు, డబ్బు, గేటు పాసులు పరిపాలన విభాగం చేతిలో ఉంటాయి. సెమినార్ అయితే శాఖాధిపతి సంతకం చేస్తాడు. అంతా సవ్యంగా సాగితే పేరు సంస్థకు వస్తుంది. గొడవైతే ఫైలు వెనక్కి నడిచి, సంతకం పెట్టిన మాస్టారి దగ్గర ఆగుతుంది.

గత పదేళ్ల ఉదంతాలు వరసగా ఇదే చెబుతాయి. 2016 సెప్టెంబర్ 21న హర్యానా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇంగ్లిష్ శాఖ, అంతకు రెండు నెలల కిందట మరణించిన మహాశ్వేతాదేవికి నివాళిగా ఆమె 'ద్రౌపది' కథను నాటకంగా వేసింది. సైన్యాన్ని అవమానించారంటూ ఆందోళన రేగింది. విచారణ ఎదుర్కొన్నది నాటకం వేయించిన అధ్యాపకులు. 2017 ఫిబ్రవరిలో జోధ్‌పూర్‌లోని జైనారాయణ్ వ్యాస్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులో జేఎన్‌యూ ప్రొఫెసర్ నివేదితా మీనన్ ప్రసంగం వివాదమైంది. మాట్లాడింది మీనన్ అయితే సస్పెండైంది ఆమెను పిలిచిన ఇంగ్లిష్ అసిస్టెంట్ ప్రొఫెసర్.

భిలాయ్‌కి పొరుగునున్న మధ్యప్రదేశ్‌లో 2021 జూలైలో జరిగింది మరీ విచిత్రం. సాగర్‌లోని హరిసింగ్ గౌర్ విశ్వవిద్యాలయ మానవశాస్త్ర శాఖ, అమెరికాలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ యూనివర్సిటీతో కలిసి శాస్త్రీయ దృక్పథంపై ఒక వెబినార్ తలపెట్టింది. వక్తల జాబితాలో శాస్త్రవేత్త గౌహర్ రజా, ఢిల్లీ ప్రొఫెసర్ అపూర్వానంద్ ఉన్నారు. విద్యార్థి సంఘం అభ్యంతరం చెప్పింది. జిల్లా ఎస్పీ వైస్ చాన్సలర్‌కు హెచ్చరిక లేఖ రాశారు. అప్పటికి ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు. అయినా విశ్వవిద్యాలయం తప్పుకుంది. వెబినార్ మాత్రం అమెరికా విశ్వవిద్యాలయం పేరు మీద జరిగింది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రతి పౌరుడి విధిగా చెప్పిన శాస్త్రీయ దృక్పథం గురించి చర్చించడానికి మన విశ్వవిద్యాలయానికి ధైర్యం చాలలేదు.

భిలాయ్‌కి ముందు ఏడాది కాలంలోనే ఇంకో మూడు. 2023 నవంబర్‌లో పాలస్తీనాపై అచిన్ వనాయక్ ప్రసంగాన్ని బాంబే ఐఐటీ రద్దు చేసింది. దానికి కొద్ది రోజుల ముందే, తరగతిలో ఒక డాక్యుమెంటరీ చూపించి అతిథిని మాట్లాడించిన అధ్యాపకురాలిపై కొందరు విద్యార్థులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ వెంటనే కార్యక్రమాల అనుమతికి తాత్కాలిక మార్గదర్శకాలు వచ్చాయి. 2024 మార్చి 31న అదే ఐఐటీలో విద్యార్థులు వేసిన 'రాహోవన్' నాటకం రామాయణాన్ని కించపరిచిందన్న ఫిర్యాదుపై కొందరు విద్యార్థులకు 1.2 లక్షల రూపాయల వరకు జరిమానా పడింది. దానికి రెండు రోజుల ముందు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ప్రదర్శించిన 'సోమయానం' నాటకంపైనా అదే ఆరోపణ. అక్కడ కేసు నమోదు కాగా, ప్రదర్శన కళల శాఖాధిపతిని పదవి నుంచి తప్పించారు.

వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే భిలాయ్ ప్రత్యేకత తెలుస్తుంది. మిగతాచోట్ల మతమో, సైన్యమో, విదేశాంగ విధానమో అడ్డొచ్చాయి. ఇక్కడ రాజకీయం లేదు, సిద్ధాంతం లేదు. ఉన్నది బూతు మాత్రమే. అయినా పరిపాలన విభాగం చేసింది అదే పని. ఎవరు నొచ్చుకున్నారు, ఎందుకు నొచ్చుకున్నారు అన్నదాంతో నిమిత్తం లేకుండా చర్య మాత్రం ఒకేలా ఉంటోంది. అంటే ఇక్కడ పనిచేస్తున్నది భావజాలం ఒక్కటే కాదు. గొడవ వద్దన్న పాలనాపరమైన భయం కూడా.

తెలుగు నేల మీద

ఈ విషయంలో తెలుగు విశ్వవిద్యాలయాల చరిత్ర ఏమీ తీసిపోయేది కాదు. 2000 మే నెలలో ఉస్మానియా రిజిస్ట్రార్ నుంచి రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు కంచ ఐలయ్యకు ఒక లేఖ అందింది. కులాల మధ్య వైమనస్యం పెంచే రాతలు మాని, వృత్తి మర్యాదలకు లోబడి రాయాలన్నది దాని సారాంశం. అది సభ గురించి కాదు, పత్రికా వ్యాసాల గురించి. కానీ అధ్యాపకుడి గొంతుకు యజమాని ఎవరన్న ప్రశ్న అప్పుడే సూటిగా ముందుకొచ్చింది. దేశంలోని పలువురు మేధావులు ఐలయ్యకు మద్దతుగా నిలిచారు.

2012 ఏప్రిల్ 15న అదే ఉస్మానియాలో జరిగిన బీఫ్ ఫెస్టివల్ ఘర్షణలకు దారితీసింది. 2015 డిసెంబర్‌లో మళ్లీ తలపెడితే హైకోర్టు ఆదేశాలతో ఆగిపోయింది. క్యాంపస్‌లో రాజకీయ కార్యక్రమాలు వద్దంటూ 2021లో పాలకమండలి తీర్మానం చేసింది. దాన్ని చూపించే 2022 మేలో రాహుల్ గాంధీ పర్యటనకు అనుమతి నిరాకరించారు. 2025 మార్చిలో శాఖల ఆవరణల్లో ధర్నాలు, నినాదాలపై నిషేధం విధిస్తూ సర్క్యులర్ జారీ అయింది. తెలంగాణ ఉద్యమానికి గుండెకాయగా నిలిచిన ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ఆ కాగితాన్ని ఊహించుకోండి.

భిన్నమైన పాఠం కూడా ఇక్కడే దొరుకుతుంది. గుజరాత్ అల్లర్లపై బీబీసీ తీసిన డాక్యుమెంటరీ మీద దేశమంతా రగడ జరుగుతున్నప్పుడు, 2023 జనవరి 26న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్‌ఎఫ్‌ఐ దాన్ని ప్రదర్శించింది. పోటీగా ఏబీవీపీ అదే ప్రాంగణంలో 'ది కశ్మీర్ ఫైల్స్' వేసింది. నినాదాలు వినిపించాయి. రెండు తెరలూ వెలిగాయి. ఎవరికి కావలసింది వాళ్లు చూశారు. సినిమాకు సినిమా జవాబు చెప్పింది. క్యాంపస్ అంటే ఇంతకంటే ఏం ఉండాలి?

అధికారుల గోడు

పరిపాలకుల వైపు నుంచి కూడా చూడాలి. వారి వాదనలో పస లేకపోలేదు. ఐఐటీ నడిచేది ప్రజాధనంతో. ఉత్సవానికి వచ్చిన అమ్మానాన్నలు, పిల్లలు రాబోయేదేమిటో తెలియక కూర్చున్నారు. మాట స్వేచ్ఛలో వినకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఒక భాగం. ముందే చెప్పి ఉంటే వెళ్లిపోయేవారు వెళ్లిపోయేవారు. గొడవ పెద్దదైతే విద్యార్థుల భద్రతకు జవాబు చెప్పుకోవలసింది డైరెక్టరే తప్ప కమెడియన్ కాదు. ఆహ్వానించడం సంస్థ ఇష్టం, ఎవరికీ ఐఐటీ వేదిక హక్కుగా రాదు.

ఇవన్నీ నిజమే. కానీ ఈ కారణాలన్నీ ఆ రాత్రి ఏర్పాట్లలోని లోపాన్ని చెబుతాయి. కళారూపాన్ని నిషేధించడానికి ఏ ఒక్కటీ సరిపోదు. కాలేజీ క్రికెట్ పోటీలో ఇద్దరు కొట్టుకుంటే వాళ్లను బయటికి పంపుతారు. మైదానం దున్నేయరు.

రెండో చిక్కు ఉద్యోగ నిబంధనలు. కేంద్ర విద్యాసంస్థల్లో చాలాచోట్ల 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, లేదా అదే మూసలో పోసిన నిబంధనలు అమల్లో ఉన్నాయి. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదన్నది వాటిలో ఒకటి. గుమాస్తా కోసం రాసిన నిబంధనను గురువుకు తొడిగితే ఆర్థికశాస్త్రం చెప్పే మాస్టారు బడ్జెట్ గురించి ఏం మాట్లాడాలి? కోర్టుల ధోరణి మాత్రం కొంత మారుతోంది. ప్రభుత్వ ఉద్యోగి అయినంత మాత్రాన భావప్రకటన హక్కు పోదని, దాన్ని నిబంధనల మేరకే కుదించగలరని త్రిపుర హైకోర్టు 2020 జనవరిలో ఒక మత్స్యశాఖ ఉద్యోగిని కేసులో తేల్చిచెప్పింది.

భయం ఢిల్లీ నుంచి కూడా దిగుతుంది. దేశ భద్రతకో, అంతర్గత వ్యవహారాలకో సంబంధించిన అంశాలపై అంతర్జాతీయ ఆన్‌లైన్ సదస్సు పెట్టాలంటే విదేశాంగ శాఖ అనుమతి తీసుకోవాలని 2021 జనవరిలో ఆదేశాలొచ్చాయి. దేశంలోని సైన్స్ అకాడమీలు అభ్యంతరం చెప్పాక వచ్చే నెలలోనే అవి వెనక్కి వెళ్లాయి. కాగితం వెనక్కి వెళ్లినా అది నేర్పిన జంకు వెళ్లలేదని ఆ జూలైలో సాగర్ రుజువు చేసింది.

గురువులు ఎటువైపు?

క్యాంపస్ మాట స్వేచ్ఛ పోరాటాలన్నింటికీ మూలపురుషుడని చెప్పదగ్గ ఉద్యమం 1964లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో పుట్టింది. గేటు పక్కన బల్లలు వేసుకుని కరపత్రాలు పంచొద్దన్న పరిపాలకుల ఆజ్ఞతో రాజుకున్న నిప్పు అది. విద్యార్థుల ధర్నాలతో, వందల అరెస్టులతో తేలని వివాదాన్ని మలుపు తిప్పింది అధ్యాపకులే. ఆ ఏడాది డిసెంబర్ 8న అధ్యాపక సెనేట్ 824 - 115 ఓట్లతో తీర్మానం చేసింది. మాటల్లోని విషయంపై విశ్వవిద్యాలయం ఆంక్షలు పెట్టకూడదు, సమయం, చోటు, పద్ధతి మాత్రం క్రమబద్ధం చేసుకోవచ్చు అన్నది దాని సారం. అరవై ఏళ్లు దాటినా ఇంతకు మించిన సూత్రం ఎవరూ కనిపెట్టలేదు. 2015లో షికాగో విశ్వవిద్యాలయ కమిటీ నివేదిక అదే బాటలో నడిచింది. ఇంగ్లండ్‌లో 2023లో చేసిన చట్టం 2025 ఆగస్టు నుంచి ఆ బాధ్యతను విశ్వవిద్యాలయాల నెత్తిన చట్టబద్ధంగా పెట్టింది.

అమెరికాను ఆకాశానికెత్తనవసరం లేదు. అక్కడి కాలేజీలకు వెళ్లడం మానుకోమని తోటి కమెడియన్లు హెచ్చరిస్తున్నారని జెర్రీ సైన్‌ఫెల్డ్ 2015లో చెప్పారు. అక్కడ తలుపు వేయిస్తున్నది తరచు విద్యార్థుల సున్నితత్వం. ఇక్కడ బయటి గుంపు, పోలీసు లేఖ. తాళం చెవి మాత్రం రెండుచోట్లా పరిపాలన విభాగం జేబులోనే ఉంది. తేడా ఏమిటంటే బర్కిలీలో అధ్యాపకులు ఓటు వేసి తమ మాట చెప్పగలిగారు. మన ఐఐటీల్లో సెనేట్‌లు చర్చించేది ఎక్కువగా సిలబస్‌లు, గ్రేడ్ల గురించే. కార్యక్రమాల విధానం డైరెక్టర్ ప్రకటనగా వెలువడుతుంది.

తాళం బదులు ఏం?

భిలాయ్ లాంటి సంస్థకు దారి లేదా? ఉంది. ఖర్చు కూడా లేదు. పెద్దల భాష ఉండే ప్రదర్శన అయితే ఆహ్వాన పత్రం మీద, హాలు గుమ్మం దగ్గర ఆ సంగతి రాయవచ్చు. కుటుంబాలు వచ్చే సాయంత్రం నుంచి దాన్ని వేరు చేసి, 18 ఏళ్లు దాటినవారికే ప్రవేశం అనవచ్చు. కళాకారుడితో ఒప్పందంలో షరతులు పెట్టవచ్చు, మీరితే పారితోషికం ఆపవచ్చు. ఇవన్నీ సమయం, చోటు, పద్ధతి కిందికి వస్తాయి. వీటిలో ఏదీ జోకు మీద సెన్సార్ కాదు.

అంతకన్నా ముఖ్యమైనవి మరో మూడు. అభ్యంతరాలను పరిశీలించే కమిటీలో ఎన్నికైన అధ్యాపకులు, విద్యార్థులు ఉండాలి. అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, దానిమీద అప్పీలుకు చోటుండాలి. వేదిక మీద మాట్లాడినవాడి మాటకు, సద్భావంతో పిలిచిన అధ్యాపకుడిని బాధ్యుణ్ని చేయకూడదు. ఈ చివరి నిబంధన లేనంతకాలం మిగతా రెండూ కాగితం పులులే. ఇంక్రిమెంటు, పదోన్నతి, పరిశోధన నిధులు ఒకే కార్యాలయం చేతిలో ఉన్నప్పుడు ఏ మాస్టారు మాత్రం రేపటి కార్యక్రమం కోసం తన పేరు పణంగా పెడతాడు? నిషేధం అవసరం కూడా రాదు. ప్రతిపాదన ఫైలు దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది.

నిజమైన నష్టం అక్కడే. రద్దయిన కార్యక్రమాలను పత్రికలు లెక్కపెట్టగలవు. తలపెట్టకుండానే వదిలేసిన వాటిని ఎవరు లెక్కపెడతారు? పిలవని రచయిత, చూపించని సినిమా, అడగని ప్రశ్న ఏ వార్షిక నివేదికలోనూ కనబడవు. జాతీయ ర్యాంకుల్లో వాటికి మార్కులూ తగ్గవు.

దేశంలోనే కష్టమైన పరీక్ష గట్టెక్కి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లలు ఐఐటీల్లో చదువుతారు. ఏ జోకు బాగుందో, ఏది బాగాలేదో తేల్చుకునే తెలివి వాళ్లకు ఉండదని అనుకోవడం ఆ పరీక్షకే అవమానం. చవకబారు హాస్యానికి విద్యాలయం వేయగల అతి పెద్ద శిక్ష ఒకటుంది. ప్రేక్షకులు నవ్వకుండా కూర్చోవడం. ఆ తీర్పు చెప్పే అవకాశం వాళ్లకు ఇంకెప్పుడూ రాకుండా చేయడం క్రమశిక్షణ కాదు, అపనమ్మకం.